ధనియాలకి కాలు లేదు

నేను బి.ఎస్సీ. కెమిస్ట్రీ ప్యాసైన ఏడాది దేశానికి కెమిస్టుల అవసరం అంతగా ఉన్నట్టు కనబడలేదు. ఆర్నెల్లపాటు దరఖాస్తులు పెట్టాను. జవాబులు రెండు వచ్చాయి. ఒకదాంట్లో ప్రస్తుతం ఖాళీలు లేవన్నారు. రెండోదాంట్లో ఖాళీలు ఎప్పుడూ లేవన్నారు. రెండో ఆయన నిజాయితీ నాకు నచ్చింది.

ఇది అరవై ఏడు, అరవై ఎనిమిది నాటి మాట. మా అక్క మొగుడు విజయనగరంలో రేకు డబ్బాలు చేసే చిన్న కార్ఖానా పెట్టుకున్నాడు. కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. పెంకుటింటి వెనక వసారా, దానికి ముందొక పెరడు. వంటింట్లో పెట్టుకునే డబ్బాలు తట్టి, వాటికి మీగడ రంగు వేసి, పొట్ట మీద ఉప్పు, కారం, పసుపు అని పేర్లు వేసి అమ్మేవాడు. పేర్లు కుంచెతో రాసే పెయింటరు ఒకాయన ఉండేవాడు. లారీల వెనక నెమళ్ళు వేసే పని దొరికి ఆయన సాలూరు వెళ్ళిపోయాడు. ఆ రోజుల్లో పనికొచ్చేవాళ్ళందరూ సాలూరే వెళ్ళేవారు. తరవాత కొన్నాళ్ళు కాగితం చీటీలు అంటించారు. వంటింటి చేతులకి నూనె ఉంటుంది గనక నెల తిరక్కుండా చీటీలు ఊడిపోయి, ఉప్పు డబ్బాలో పంచదార, పంచదార డబ్బాలో ఉప్పు చేరి, ఆ పాపం మా బావకి చుట్టుకునేది.

అందుకని మా బావ మద్రాసు వెళ్ళి, గడియారాల ముఖాల మీద అంకెలు అచ్చువేసే ఒక పాత చేతి మిషను కొనుక్కొచ్చాడు. కొన్నాక, దాన్ని ఎలా వాడాలో తెలిసినవాడు కావాల్సొచ్చాడు. అలాంటివాడు దొరకలేదు గనక నన్ను పిలిపించాడు.

"నువ్వు సదువుకున్నోడివి కదా, సూసి సెప్పు" అన్నాడు.

"నేను చదివింది కెమిస్ట్రీ, బావా."

"ఇంకు కెమిస్ట్రీ కాదేటి?"

ఆ వాదనకి ఎదురు చెప్పగలిగేవాణ్ణే గాని, అప్పటికి మా అక్క భోజనానికి పిలిచింది.

మా నాన్న రామతీర్థం దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. డబ్బాల మీద పేర్లు వెయ్యడం ఉద్యోగమంటే ఆయన ఒప్పుకోలేదు. మా మేనమామకి సాలూరులో లారీ బుకింగు ఆఫీసుంది. అక్కడ గుమాస్తా పని నాకోసం ఎదురు చూస్తోంది. రోజంతా మూటలకి చీటీలు రాయడం, డ్రైవర్లతో పోట్లాడ్డం. నాన్న గడువు పెట్టాడు: దసరా వెళ్ళాక అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగేలోగా ఆ మిషను షావుకార్లు మెచ్చేలా డబ్బాలు అచ్చేస్తే సరేసరి, లేదా మర్నాడే సాలూరు బస్సు. లారీలతో నాకు తగాదా ఏమీ లేదు. కాని వచ్చిన వారంలోనే ఆ మిషను నాకు కొంచెం నచ్చింది. ఎంత కొంచెమంటే, పొద్దున్న లేవగానే పళ్ళపొడి కంటే ముందు దాని దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

మిషను పని చెప్పడానికి తేలికే. ఒక రాగి బ్లాకు మీద అక్షరాలు గుంటలుగా తిని ఉంటాయి. దాని మీద రంగు పులిమి, పదునైన ఉక్కు రేకుతో గీకేస్తే పైన ఉన్నదంతా పోయి గుంటల్లో మాత్రం మిగులుతుంది. మెత్తటి ముద్ద ఒకటి పైనించి దిగి ఆ గుంటల్లో రంగుని తన ఒంటికి అంటించుకుని లేస్తుంది. పక్కనే చెక్కతో చేసిన ఒడిలో డబ్బా పడుకుని ఉంటుంది. ముద్ద వెళ్ళి దాని పొట్ట మీద ఒత్తుకుంటుంది. గుండ్రటి పొట్ట మీద మెత్తటి ముద్ద ఒదిగిపోతుంది గనక అక్షరం చెదరకుండా దిగుతుంది. చూడ్డానికి పసిపిల్లకి ముద్దు పెట్టినట్టుంటుంది. ఇదంతా సరిగ్గా జరిగినప్పటి మాట. మొదటి నెల సరిగ్గా జరగలేదు.

ముందు చిక్కు బ్లాకుతోనే వచ్చింది. విశాఖపట్నంలో అచ్చాఫీసులకి బ్లాకులు చేసే ఆయనతో చేయించాం. ఆయన ఇరవై ఏళ్ళుగా అక్షరాలు తిరగేసి చేసేవాడు. అచ్చాఫీసులో బ్లాకు నేరుగా కాగితం మీద పడుతుంది గనక తిరగేస్తేనే సరిపోతుంది. మా పద్ధతిలో బ్లాకు నించి ముద్దకి ఒకసారి, ముద్ద నించి డబ్బాకి ఇంకోసారి, రెండుసార్లు తిరగబడుతుంది గనక బ్లాకు మీద మామూలుగానే ఉండాలి. ఈ సంగతి ఆయనకి మేం చెప్పలేదు. మాకూ తెలీదు. మొదటి డబ్బా మీద ఉప్పు కుడి నించి ఎడమకి పడింది.

మా బావ చాలాసేపు చూశాడు. "అద్దంలో సూస్తే బాగానే ఉన్నాది" అన్నాడు. "డబ్బాకో అద్దం ఇచ్చీదామేటి?"

బ్లాకులు మళ్ళీ చేయించాం. ఆయన మమ్మల్ని పైకీ కిందకీ చూసి, ఇలా తప్పుగా చేయించుకునేవాళ్ళని ఎక్కడా చూళ్ళేదన్నాడు.

తరవాత ముద్ద. మద్రాసు నించి వచ్చినది దారిలోనే బీటలు తీసింది. జెలటినూ గ్లిజరినూ నీళ్ళలో వేసి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించి, పోసుకోవాలని నేను పుస్తకాలు తిరగేసి కనిపెట్టాను. అచ్చు మా బావ రేకుతో తట్టాడు. అడుగు గుండ్రంగా ఉండి, నడిమధ్యన కొంచెం మొన తేలిన గిన్నె. మొన ఎందుకంటే, ముద్ద ముందు అక్కడ తగిలి, గాలిని పక్కలకి తోసుకుంటూ పరుచుకోవాలి. ఏకంగా బల్లపరుపుగా పడితే గాలి మధ్యలో చిక్కుకుని అక్షరంలో బొబ్బలు లేస్తాయి. పోసి, ఆరాక తిరగేసి పళ్ళెంలో దించితే అది తళతళ మెరుస్తూ, తొణుకుతూ నిలబడింది. మా అక్క చూసి "ఒరే, జున్నులా ఉన్నాదిరా" అంది. అప్పటినించి దాని పేరు జున్ను.

మొదటి జున్నుని ఎలకలు తిన్నాయి. దాని రుచి గురించి ఫిర్యాదేమీ రాలేదు. రెండోదాన్ని ఉట్టి మీద పెట్టాం. చీమలు పట్టాయి. మూడోది దక్కింది గాని, ముసురు పట్టి గాలి చెమ్మగిల్లేసరికి మెత్తబడి, కారం అన్న మాటని కాస్త సాగదీసి అచ్చేసింది. అప్పుడు నా చదువు మొదటిసారి, చివరిసారి కాదని నమ్ముతున్నాను, ఎవరికో ఒకరికి పనికొచ్చింది. పటికనీళ్ళలో కాసేపు ముంచితే జున్ను పైతోలు గట్టిపడింది. లోపల మెత్తన, పైన గట్టి. మా బావ స్వభావానికి సరిగ్గా తలకిందులు.

ఆ తరవాత అక్షరాల మధ్య ఖాళీలు రావడం మొదలెట్టాయి. రంగు ఆ చోట నిలవక పక్కకి తప్పుకునేది. నేను రంగుని అనుమానించాను, అందులో కలిపే టర్పెంటైనుని అనుమానించాను, డబ్బాకి వేసిన మీగడ రంగుని అనుమానించాను. చివరికి ఆ ఖాళీలు బొటనవేలంత ఉన్నాయని గమనించాక మా బావని అనుమానించాను. రోజూ మధ్యాహ్నం పకోడీలు తిని, చెయ్యి పంచెకి తుడుచుకుని, డబ్బాలు ఎత్తి ఒడిలో పెట్టేది ఆయనే. పకోడీలు మానమంటే మిషను మానేద్దామన్నాడు. చేతికి సబ్బు పెట్టుకోవడం దగ్గర రాజీ కుదిరింది.

ఇంకొకటి, రంగు పట్టిన జున్నుని వెంటనే డబ్బా మీదకి దించకూడదు. రంగులో తడి కాస్త ఎగిరి, అంటుకునే గుణం రావాలి. మరీ ఆగితే ఎండిపోయి జున్ను మీదే ఉండిపోతుంది. ఎంతసేపన్నది గడియారం చూసి చెప్పలేం. పొద్దున్న పూట రెండు ఊపిర్లు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక మూడు. ఊపిరి బట్టి మీట నొక్కేవాళ్ళం గనక పని చేస్తూ మాట్లాడ్డం కుదిరేది కాదు. మా అక్క ఈ మిషను మీద ఎప్పుడూ ఒక్క మాట పడనిచ్చేది కాదు, కారణం ఇదేననుకుంటాను.

ఇలా ఒక్కొక్కటే చక్కబడి, సిరిమాను ఇంకో మూడు వారాలుందనగా రాజాం షావుకారు వచ్చాడు. రాజాంలో ఆయనకి గిన్నెల కొట్టుంది. ఏడేసి డబ్బాల సెట్లు వందకి పైగా కావాలన్నాడు: ఉప్పు, కారం, పసుపు, చింతపండు, పంచదార, ధనియాలు, మెంతులు. అన్నీ చెప్పి, వెళ్ళబోతూ ఆగి, వేలు చూపించాడు.

"ఒక్క మాట. వొత్తు పోతే ఒక్క డబ్బా పుచ్చుకోను."

"ఏ వొత్తండీ?" అన్నాడు మా బావ.

"ఏ వొత్తైనా."

తరవాత తెలిసింది. ఆయన పేరులో ఒక ఒత్తక్షరం ఉంది. కొట్టు బోర్డు రాసినవాడు ఆ ఒత్తు మరిచిపోయాడు. అప్పటినించి రాజాం రాజామంతా ఆయన్ని ఒత్తు లేకుండానే పిలుస్తోంది. బోర్డు దిద్దించినా జనం నోరు దిద్దుకోలేదు. ఉప్పు కింద పావత్తు పోతే ఎవరికైనా తెలుస్తుంది. అది కాక మా ఏడు మాటల్లో ఒత్తక్షరం ఒక్కటే, ధనియాల్లో ధ. ఆ ఒక్కటీ చూసుకుంటే చాలు. రాజాం షావుకారు మెచ్చితే నాన్న గడువు తీరినట్టే. సాలూరు బస్సు నేను లేకుండానే వెళ్తుంది.

పంచుకున్నాం. మిషను మీద మధ్యాహ్నం దాకా నేను, తరవాత మా బావ. ఒకడు అచ్చేస్తుంటే రెండోవాడు అయిన డబ్బాలు చూసి, బాగున్నవి వేరు చెయ్యాలి. నేను చదువుకున్నవాణ్ణి గనక, ఎందుకైనా మంచిదని ప్రతి డబ్బా పైకి చదివేవాణ్ణి. మా బావ కూడా చదివేవాడు. ఆయన నోట చింతపండు సింతపండు అయ్యేది, పంచదార పంసదార అయ్యేది, అయినా డబ్బా మీద ఉన్నదేమో సరిగ్గానే ఉండేది. వసారాలో పొద్దస్తమానం ఉప్పు, కారం, పసుపు అని వల్లె వినిపిస్తుంటే, వీధిలో వెళ్ళేవాళ్ళు మేము ట్యూషన్లు పెట్టామనుకున్నారు.

డబ్బాల మధ్య ఎండుగడ్డి పెట్టి బుట్టల్లో సర్దే పని ఒకామెది. ఆమెది సముద్రం ఒడ్డు ఊరు. పాతికేళ్ళు నెత్తి మీద చేపల తట్టతో విజయనగరం వీధులు తిరిగి, మోకాళ్ళు అరిగిపోయి, డాక్టరు బరువు ఎత్తొద్దంటే మా దగ్గర చేరింది. నాకంటే పెద్దది గనక అప్పా అనేవాణ్ణి, నన్ను తమ్ముడా అనేది. చదువు రాదు. మిషను గురించి ఆమెకి ఒకటే అభిప్రాయం ఉండేది. "ఇంత ఇనప సామాను పెట్టి ఉప్పని రాయడానికా! నోట్లో ఏసుకుంటే తెలీదేటి?"

షావుకారు మర్నాడు వస్తాడనగా, శనివారం పొద్దున్న, సర్దడం ఇంచుమించు అయిపోయింది. అప్ప బుట్టల దగ్గర కూచుని కొన్ని డబ్బాలు తీసి పక్కన వరస పెడుతోంది.

"ఏం అప్పా, సొట్టలు పడ్డాయా?" అన్నాను.

"సొట్టలు కాదు. ఈటికి కాలు నేదు."

మా బావ మిషను దగ్గరనించి నవ్వాడు. "డబ్బాకి కాలేటే? నడుస్తాదేటి?"

"నడుస్తాదో పాకుతాదో నాకేటి తెలుసు బాబూ. దాని జతకి కాలుంది, దీనికి నేదు. సూడండి."

రెండు డబ్బాలు తెచ్చి మా ముందు పెట్టింది. నేను చదివాను. ధనియాలు, ధనియాలు. మా బావ చదివాడు. దనియాలు, దనియాలు.

"రెండూ ఒకటే కదే!" అన్నాడు మా బావ.

"ఓలమ్మ, కళ్ళేటి మీయి!" అని అప్ప గోటితో చూపించింది. మొదటి అక్షరం పొట్ట కింద బుల్లి నిలువుగీత. ఒక డబ్బా మీద ఉంది. రెండో డబ్బా మీద లేదు.

మేమిద్దరం వంగి చూసి, లేచి, మళ్ళీ వంగి చూశాం. ధ కాదు, ద. అచ్చంగా మా బావ ఎలా అంటాడో అలాగే పడింది. రోజూ అదే మాట వల్లించే నోళ్ళు మావి. కళ్ళు అక్షరం అందుకునేలోపే నోరు మాట పూర్తి చేసేస్తోంది. నేను కూడా, బి.ఎస్సీ. అయినా సరే, చూస్తున్నానని అనుకున్నానే గాని చదువుతున్నాను. అప్పకి చదవడం రాదు గనక చూసింది.

బుట్టలన్నీ విప్పాం. అప్ప ఒక్కొక్క ధనియాల డబ్బా ఎత్తి, చూసి, ఇటో అటో పెట్టింది. కాలు లేనివి నలభై పైన తేలాయి. మధ్యమధ్య కాలు సగం ఉన్నవి కూడా ఉన్నాయి. వాటిని ఆమె "కుంటియి" అని మూడో వరస పెట్టింది.

మా బావ అగ్గిపుల్ల రంగులో ముంచి తెచ్చాడు. "ఒక్కొక్క గీత గీసీదాం. ఎవడు సూడొచ్చాడు?"

రెండు గీశాడు. అప్ప రెండూ తీసి పక్కన పెట్టేసింది.

"ఇదేటే మళ్ళీ?"

"ఇది కట్టెకాలు బాబూ" అంది.

ఇంక కారణం వెతకాల్సిందే. కెమిస్ట్రీవాణ్ణి గనక నేను తప్పు రంగులోనే ఉందన్నాను. గుంట చిన్నది, రంగు త్వరగా ఎండిపోయి రావడం లేదని సిద్ధాంతం చేసి, టర్పెంటైను పాళ్ళు మార్చి, రెండు గంటలు గడిపాను. కాలు వచ్చినప్పుడు వస్తోంది, రానప్పుడు రావడం లేదు. నా సిద్ధాంతంతో దానికి నిమిత్తం ఉన్నట్టు లేదు. మా బావ తప్పు బ్లాకుదన్నాడు. గుంటలో ఎండిన రంగు పేరుకుందేమోనని సూది పెట్టి శుభ్రం చేశాడు. గుంట లోతుగా, నిక్షేపంలా ఉంది. నేను నొక్కితే నాలుగింటికి ఒకటి పోతోంది. ఆయన నొక్కితే నాలుగింటికి మూడు పోతున్నాయి.

"అయితే తప్పు నాదంటావేటి?" అన్నాడు.

"లెక్క అలాగే చెబుతోంది, బావా."

"లెక్కకేటి, ఏదైనా సెప్తాది."

అప్ప గడ్డి పక్కన పెట్టి మిషను దగ్గరికి వచ్చి నిలబడింది. ఆయన అచ్చేస్తున్నప్పుడు డబ్బాని చూడలేదు, జున్నునే చూసింది. నాలుగైదుసార్లు చూసి, "తమ్ముడా, దాని ముక్కు సూడు" అంది.

"ఏ ముక్కు?"

"జున్ను ముక్కు. రంగు అంటుకుని లేస్తాది కదా, ముక్కు మీద మాత్రం అంటలేదు. బట్టతలలా ఉన్నాది."

చూశాను. బ్లాకు మీంచి లేచిన జున్ను ఒంటి మీద మాటంతా తిరగబడి చక్కగా ఉంది. సరిగ్గా మొన ఉన్నచోట మాత్రం బోసిగా మెరుస్తోంది. ఆ బోసిచోటే ధ కాలు ఉండాల్సిన చోటు.

అప్పుడు తెలిసింది. మిగతా ఆరు బ్లాకుల మీదా మొన అక్షరాల మధ్య ఖాళీలో దిగుతోంది. ధనియాలు మాత్రం మా విశాఖపట్నం ఆయన కొంచెం పక్కకి జరిపి చేశాడు. జున్ను మొన వెళ్ళి వెళ్ళి ఆ బుల్లి గీత మీదే దిగుతోంది. మొన దగ్గర జున్ను పరుచుకోదు, గుచ్చుకుంటుంది. గుంటలో రంగుని పైకి తియ్యడం మాని పక్కకి చిమ్మేస్తుంది. నెమ్మదిగా నొక్కితే కొంత వస్తుంది, బలంగా నొక్కితే అసలు రాదు. మా బావ చెయ్యి బలమైనది. ఈ సంగతి ఆయనకి చెబితే, తప్పు తన బలానిదని తెలిసి సంతోషించాడు.

చెయ్యాల్సింది చిన్న పని. బ్లాకుని పెసరగింజంత పక్కకి జరిపాం. మొన ధకీ నికీ మధ్య ఖాళీలో దిగింది. కాలు వచ్చింది. నల్లగా, నిటారుగా, ఎవరినీ లెక్కచెయ్యని కాలు. పది డబ్బాలు వరసగా వేశాం. పదింటికీ ఉంది. మేము ఒకళ్ళ వీపు ఒకళ్ళం తట్టుకుంటుంటే అప్ప పదీ చూసి పక్కన పెట్టేసింది.

"కాలు వచ్చింది కదే!" అన్నాడు మా బావ, ఏడుపు గొంతుతో.

"వచ్చినాది. వచ్చి నడుస్తన్నాది. పేరు డబ్బా పక్కకి ఎల్లిపోతన్నాది, సూడండి."

బ్లాకు జరిపాం గాని, దానికి తగ్గట్టు డబ్బా ఒడిని జరపడం మరిచిపోయాం. ఒడిని కూడా అంతే జరిపాం. ధనియాలు వచ్చి నడిపొట్టన కూచుంది. ఎండని వాటిని టర్పెంటైను గుడ్డతో తుడిచి, ఎండిపోయిన వాటికి బదులు కొత్త డబ్బాలు అచ్చేసి, పొద్దు వాలేలోగా అన్నీ అయ్యాయి. చివరి గంటా మా ఇద్దర్లో ఎవరూ పైకి చదవలేదు. చదవడానికి నోరు తెరిచినప్పుడల్లా అప్ప మా వైపు చూసేది.

షావుకారు ఆదివారం పొద్దున్నే దిగాడు. బుట్ట విప్పించి, మిగతా వాటి జోలికి పోకుండా ధనియాల డబ్బాలే తీశాడు. ఒకటి, రెండు, పది, ఇరవై. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, బొటనవేలి గోటితో ఒక్కొక్క గీతనీ తడిమాడు. పాతికోదాని దగ్గర ఆయన ముఖంలో చిన్న నిరాశ లాంటిది కనిపించింది.

"అన్నిటికీ ఉన్నాది!" అన్నాడు.

"ఉండదేటండీ?" అన్నాడు మా బావ, అవమానం జరిగినట్టు.

"ఎవులు సూశారు ఇయి?"

"మా బావమరిది. బి.ఎస్సీ."

నేను కాదన్నాను. అప్పని చూపించాను. షావుకారు ఆమె వైపు తిరిగాడు.

"నీకు సదువొచ్చేటి?"

"రాదు బాబూ."

"మరి తప్పెలా తెలుస్తాది?"

"సేపకి పేరు తెలిస్తేనే కుల్లిపోనాదో నేదో తెలుస్తాదేటి?"

షావుకారు కళ్ళజోడు కిందకి దించుకుని ఆమెని చూశాడు. తరవాత, కొత్త సంవత్సరానికి తన కొట్టు పేరు వేసిన గ్లాసులు పంచిపెట్టాలని ఉందనీ, ఆ పేరు మేమే వెయ్యాలనీ, వేశాక ఈమె చూడాలనీ అన్నాడు. పేరు కాగితం మీద రాసిచ్చాడు. ఒత్తు రెండుసార్లు దిద్ది ఉంది.

మర్నాడు తొలేళ్ళు, సిరిమానుకి ముందురోజు పండగ. మా నాన్న సిరిమాను చూడ్డానికి దిగాడు. కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, తిన్నగా వసారాలోకి వచ్చాడు. షావుకారు మెచ్చాడని మా బావ చెప్పాడు. నాన్న తల ఊపాడు. ఊపింది అవునని కాదు, విన్నానని. మిషను చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇందులో నేర్చుకోడానికి ఏముందిరా? మీట నొక్కితే పడుతుంది. దీనికి డిగ్రీ ఎందుకు?"

"ఒకటి వేసి చూడు, నాన్నా" అన్నాను.

ధనియాల బ్లాకే బిగించి ఉంది. రంగు పూసి, గీకి, ఆయన చేతికి మీట ఇచ్చి, రెండు ఊపిర్లు ఆగమన్నాను. బడిపంతులికి ఆగడం అలవాటు లేదు. ఒక ఊపిరికే దించి, ఎత్తేశాడు. డబ్బా తీసి చూశాడు. మాట స్పష్టంగా పడింది. ధకి కాలు కూడా ఉంది. నలభై మంది పిల్లలకి వినిపించే గొంతుతో "ధనియాలు" అని ఒత్తి చదివి, "చూశావా?" అన్నట్టు నా వైపు చూసి, దాన్ని బుట్ట దగ్గర పెట్టాడు.

అప్ప తీసింది, చూసింది, అవతల పెట్టింది.

"అది బాగానే పడిందమ్మా" అన్నాడు నాన్న.

"నేదు మాస్టారూ."

నాన్న వెళ్ళి దాన్ని తీసుకున్నాడు. మళ్ళీ చదివాడు. దూరంగా పెట్టి చదివాడు. వెలుతుర్లోకి తీసుకెళ్ళి చదివాడు. ముప్పై ఏళ్ళుగా దీర్ఘాలకీ ఒత్తులకీ మార్కులు కోసిన మనిషి. మా బావ నోటికి కండువా అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను నవ్వలేదు. సాలూరు విషయం ఇంకా తేలలేదు.

చివరికి నాన్న అన్నాడు, "ఏదమ్మా తప్పు?"

అప్ప యా దగ్గర గోరు పెట్టింది. "ఈ సివర తోక సూడండి. అలికీసినాది. కంగారుగా ఎత్తీసినారు."

దీర్ఘం కొస తడి ఆరక ముందే దిగి, వెంట్రుకవాసి పాకి ఉంది. నాన్న దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత డబ్బా ఒడిలో పెట్టి, తుడవడానికి గుడ్డ ఎక్కడుందని అడిగాడు. ఆ పూట ఇంకో పదకొండు వేశాడు. అందులో అప్ప మూడు ఒప్పుకుంది. ఆ మూడూ ఆయన విడిగా ఒక వరసలో పెట్టుకున్నాడు.

భోజనాలయ్యాక కార్డు ముక్క అడిగి, మా మేనమామకి ఉత్తరం రాశాడు. పోస్టు డబ్బాలో వెయ్యమని నా చేతికే ఇచ్చాడు. దారిలో చదివాను. క్షేమసమాచారాలయ్యాక ఇలా ఉంది: మావాడు ఇక్కడ ఒక పని నేర్చుకుంటున్నాడు. చూడ్డానికి తేలికగా ఉంటుంది గాని కాదు. వాడికి ఇంకా రాలేదు. వచ్చాక పంపుతాను.

ఆ పని నాకు వచ్చిందని ఆయన ఆ తరవాత ఎప్పుడూ అనలేదు. అనమని నేనూ ఆయన మీద ఒత్తిడి తేలేదు.